కౌంటరు ముందు చెప్పుల వరుస

నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నాకు ఫోన్ చేసినవాళ్ళలో ఒక్కరూ "బాగున్నారా" అని మొదలుపెట్టలేదు. రిసీవర్ ఎత్తగానే "సార్, స్లో ఉండాది" అనేవాళ్ళు. సోమందేపల్లె నుంచి అదే మాట, చిలమత్తూరు నుంచీ అదే మాట. "ఎంత స్లో?" అని నేను అడిగితే "చానా" అనేవాళ్ళు. అక్కడితో ఫోన్ పెట్టేసేవాళ్ళు.

మా వీధిలో ఇద్దరు పిల్లలు ఇప్పుడు ఇదే పనిలోకి వెళ్తున్నారు. సర్వర్లు నెమ్మదిస్తే కారణం వెతికే పని. ఏం చదవాలి అంకుల్ అని అడిగారు. చదవాల్సినవి వాళ్ళకు నాకన్నా బాగానే తెలుసు. అందుకని వాళ్ళకు దొరకనిదొకటి రాద్దామని కూర్చున్నాను. అది నేను చేసిన ఒక తప్పు. జావాలో నాలుగు లైన్లు తెలివిగా రాశాననుకున్నాను. ఆ నాలుగు లైన్ల వల్ల ఒక మనిషి ఉద్యోగం పోయింది, ఆమె పేరు కూడా చెడింది.

పెట్టెలు, దుమ్ము, చౌడప్ప గారు

మాది వేరుశనగ రైతుల సంఘాలన్నీ కలిసి పెట్టుకున్న ఒక సమాఖ్య. దాని పేరు ఇక్కడ అక్కర్లేదు. అనంతపురంలో ఒక మేడమీద ఆఫీసు ఉండేది. తొంభైల చివర్లో నేను చేరినప్పుడు మండలాల నుంచి ఫ్లాపీలు బస్సు డ్రైవర్ల చేతికిచ్చి పంపేవాళ్ళు. రెండువేలు దాటాక అన్నీ ఆన్‌లైన్ చేయాలన్నారు. నేను పుస్తకాలు తెచ్చుకుని జావా నేర్చుకున్నాను. రెండు సర్వర్ పెట్టెలు వచ్చాయి. మండలాల్లోని బ్రాంచీలకు మామూలు ఫోన్ లైన్ల మీద మోడెములు పెట్టాం. మోడెం కలిసేటప్పుడు చేసే ఆ కీచుమనే గోల ఇప్పటికీ ఎక్కడైనా వినిపిస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

జూన్ గాలులకు మా ఊళ్ళో కిటికీ మూసినా దుమ్ము ఆగదు. వారానికోసారి సర్వర్ మూత విప్పి పెయింటు బ్రష్షుతో ఎర్ర దుమ్ము దులిపేవాణ్ణి. నాకొచ్చిన మొదటి "పర్ఫార్మెన్స్ సమస్య" కూడా దుమ్ముదే. ఫ్యాను తిరగక పెట్టె వేడెక్కి కుంటింది. నేనేమో మూడు రోజులు ప్రోగ్రాంలో వెతికాను. పిల్లలూ, ముందు పెట్టె మీద చెయ్యి పెట్టి చూడండి.

మా మేనేజరు చౌడప్ప గారు. ఆయనకు కంప్యూటర్ అంటే అపనమ్మకం, నా మీద మాత్రం నమ్మకం. ఆయనకు సొంతంగా పది ఎకరాల మెట్ట ఉండేది కాబట్టి వానాకాలం వచ్చిందంటే సగం మనసు చేలోనే ఉండేది. కోపమొస్తే గట్టిగా అరిచేవాడు, అరగంట తర్వాత తన డబ్బాలోంచి వేయించిన చెనక్కాయలు, అదే వేరుశనగ, తీసి చేతిలో పోసేవాడు. అలాంటి బాసు దొరకడం అదృష్టమే. కానీ ఆయన్ని నేనే ఒకసారి తప్పుదారి పట్టించాను.

రీస్టార్ట్ అనే దురలవాటు

ఆ రోజుల్లో మా దగ్గర అన్ని జబ్బులకూ ఒకటే మందు ఉండేది. సర్వర్ ఆగిందా, రీస్టార్ట్ చెయ్. రెండు నిమిషాల్లో లేచి కూర్చునేది. చౌడప్ప గారు "శభాష్ భూషణా" అనేవాడు. నా పేరు నాగభూషణం. ఆ శభాష్‌కు నేను బాగా అలవాటు పడ్డాను.

రీస్టార్ట్ చేస్తే సాక్ష్యం తుడిచిపెట్టుకుపోతుంది. ఆగిపోయిన క్షణంలో లోపల ఎవరు ఏం చేస్తున్నారో చూపించే వీలు జావాలో ఉంది. ఒక ఆదేశం ఇస్తే, లోపల ఒక్కో పనిని నడిపే ఒక్కో థ్రెడ్డూ ఎక్కడ నిలబడి ఉందో, దేనికోసం ఎదురుచూస్తోందో వరసగా రాసిస్తుంది. దాన్ని థ్రెడ్ డంప్ అంటారు. నేను ఆ డంపులు తీసేవాణ్ణి, కాదనను. అచ్చు తీసి ఎర్ర పెన్నుతో గీతలు కూడా గీసేవాణ్ణి. కానీ ఎదురుచూస్తున్నవాళ్ళను మాత్రమే లెక్కపెట్టేవాణ్ణి. వాళ్ళు ఎదురుచూస్తున్న వస్తువు ఎవరి చేతిలో ఉందని ఏనాడూ అడగలేదు. ఇది గుర్తుంచుకోండి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

వాన పడిన సోమవారం

మా ప్రాంతంలో వేరుశనగ విత్తనం వేయడమంటే పరుగుపందెం. మంచి వాన ఒకటి పడితే నేలలో పదును నాలుగైదు రోజులు ఉంటుంది. గాలి ఎక్కువైతే అదీ ఉండదు. ఆలోపు విత్తనకాయలు చేతికి రావాలి. రైతు పాసుబుక్కు తెచ్చి బ్రాంచి కౌంటరులో చూపిస్తే ఆపరేటరు వివరాలు కొట్టి స్లిప్పు అచ్చు వేసి ఇస్తుంది. ఆ స్లిప్పు చూపిస్తే గోడౌనులో మూటలు ఇస్తారు. స్లిప్పు నా ప్రోగ్రాంలోంచి రావాలి. అంటే పదునుకూ రైతుకూ మధ్యలో నేనున్నాను. అప్పట్లో ఈ మాట తలచుకుని గర్వపడేవాణ్ణి.

ఆ ఏడాది ఆదివారం వాన పడింది. సోమవారం పొద్దున్నే అన్ని బ్రాంచీల్లో జనం. పదకొండు గంటలకు సర్వర్ ఆగిపోయింది. రీస్టార్ట్ చేశాను. పన్నెండున్నరకు మళ్ళీ ఆగింది. మంగళవారం ఐదుసార్లు ఆగింది. డంపు చూస్తే అందరూ డేటాబేస్ కనెక్షన్ కోసం, అంటే రైతుల లెక్కలుండే పెట్టెలోకి పోయే దారి కోసం, ఎదురుచూస్తున్నారు. మా పాత డేటాబేస్ పెట్టె ముప్పై కనెక్షన్లకు మించి ఇవ్వదు. ముప్పైకి ముప్పై వాడకంలో ఉన్నాయి. ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చారా అని లాగిన్ల జాబితా తీశాను.

గార్లదిన్నె ఆపరేటరు పేరు మీద ఒకే పూట ఆరు లాగిన్లు ఉన్నాయి. మిగతా బ్రాంచీల్లో రెండు, మూడు. ఇక్కడ మాత్రం ఆరు.

గార్లదిన్నె ఆపరేటరు రామాంజినమ్మ. పాతికేళ్ళ మనిషి, కాంట్రాక్టు ఉద్యోగం. ఆమెను నేను ఒక్కసారే చూశాను, సీజనుకు ముందు ఆపరేటర్లందరికీ పెట్టిన శిక్షణలో. అందరూ తలాడిస్తుంటే ఆమె ఒక్కతే చెయ్యెత్తింది.

"సార్, ఒక స్లిప్పు అచ్చయ్యేదానికి మాకి ఆరేడు నిమిషాలు పడతాది. అంతవరకూ ఇంకో రైతుది రాసుకునేకి కాదా?"

"కాదమ్మా. సిస్టమ్ అంతే" అన్నాను. వాచీ చూసుకుని తర్వాతి పేజీకి వెళ్ళాను.

ఆరు లాగిన్లు చూడగానే నాకు ఆ చెయ్యెత్తిన మనిషి గుర్తొచ్చింది. మనసులో ఏదో దురుసుతనం కూడా లేచింది. పాస్‌వర్డ్ దళారులకు ఇచ్చి ఉంటుంది, వాళ్ళు పక్క గదిలో కూర్చుని స్లిప్పులు లాగుతుంటారు అని ఊహించుకున్నాను. ఒక్క ఫోన్ చేసి అడిగితే అయిపోయేది. చేయలేదు. బుధవారం పొద్దున చౌడప్ప గారికి ఒక పేజీ నోటు రాసిచ్చాను. "గార్లదిన్నె బ్రాంచి ఆపరేటరు పాస్‌వర్డ్ దుర్వినియోగం వల్ల సర్వర్‌పై అధిక భారం పడుతున్నది." ఆ వాక్యం నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

చౌడప్ప గారు చదివి మండిపడ్డాడు. "రైతులు ఎండలో నిలబడి సస్తాంటే దళారులకి తలుపు తీసిందా ఈ పాప?" అన్నాడు. గురువారం ఆమెను పనిలోంచి తీసేశారు. నా నోటు నకళ్ళు తీసి అన్ని బ్రాంచీలకూ హెచ్చరికగా పంపారు.

గురువారం మధ్యాహ్నం సర్వర్ మళ్ళీ ఆగింది.

ఆమె కుర్చీలో

గార్లదిన్నెలో కౌంటరు ఖాళీ అయింది. పంపడానికి మనిషి లేడు. "నువ్వే పోయి కూచో భూషణా, కంప్యూటర్ నీకి రాకపోతే ఇంగెవురికి వస్తాది?" అన్నాడు చౌడప్ప గారు. శుక్రవారం మొదటి బస్సుకే వెళ్ళాను.

బ్రాంచి తలుపు ఇంకా తీయలేదు. దాని ముందు మనుషులు లేరు, చెప్పులున్నాయి. అరిగిపోయిన రబ్బరు చెప్పులు, టైరు చెప్పులు, చెప్పులు లేనివాళ్ళవి రాళ్ళు, ఒకచోట మడిచిన తువ్వాలు. రోడ్డు దాకా వంకరటింకరగా ఒక వరుస. వాటి మనుషులంతా ఎదురుగా అంగడి పంచన నీడలో కూర్చుని ఉన్నారు. ఇది మా వైపు ఎవరికీ కొత్త కాదు. నేనూ వాటిని చూసీ చూడనట్టు దాటి లోపలికి పోయాను.

రామాంజినమ్మ కుర్చీలో మడతపెట్టిన పాత చీర ఒకటి మెత్తగా వేసి ఉంది. తెర పక్కన గోడకు ఒక కాగితం అంటించి ఉంది. స్కేలుతో గీసిన ఆరు గళ్ళు, వాటిపైన ఒకటి నుంచి ఆరు వరకూ అంకెలు. గళ్ళలో పెన్సిలుతో రైతుల పేర్లు రాసి, చెరిపి, మళ్ళీ రాసి ఉన్నాయి. అదేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

కౌంటరు తెరిచాను. మొదటి రైతు పాసుబుక్కు తీసుకుని వివరాలు కొట్టి బటన్ నొక్కాను. తెర తెల్లగా అయింది. మోడెం దీపం మినుకుమినుకుమంటోంది. ఐదు నిమిషాలు గడిచాయి. రైతు నన్ను చూస్తున్నాడు, నేను తెరను చూస్తున్నాను. వెనకాల ఇరవై తలకాయలు నన్నే చూస్తున్నాయి. సొంత ప్రోగ్రాం ముందు అలా చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు అదే మొదటిసారి. అనంతపురంలో మా ఆఫీసులో సర్వర్ నా పక్క గదిలోనే ఉండేది. అక్కడ ఏదైనా చిటికెలో వచ్చేది.

నలుగురి స్లిప్పులకు అరగంట పట్టింది. తర్వాత వచ్చిన ముసలామె పాసుబుక్కు తోస్తూ లోపలికి తొంగి చూసింది. ఆమె పేరు ఓబుళమ్మ.

"ఆ పాప యాడికి పోయింది?"

"సెలవు" అన్నాను.

"వాన పడినాక సెలవెవురు పెడతారు నాయనా?"

ఆమె వివరాలు కొట్టాను. తెర మళ్ళీ తెల్లబడింది. ఒక నిమిషం చూశాను, రెండు నిమిషాలు చూశాను. ఊరికే కూర్చోలేక నా చెయ్యి దానంతటదే మౌస్ మీదికి పోయింది. బ్రౌజర్ గుర్తు మీద మళ్ళీ నొక్కి రెండో విండో తెరిచి, మళ్ళీ లాగిన్ అయి, ఓబుళమ్మ వెనకున్నాయన వివరాలు అందులో కొట్టడం మొదలుపెట్టాను. మొదటిది అచ్చయ్యేలోపు రెండోది తయారవుతుంది కదా. మూడో విండో తెరవబోతూ, ఏ రైతు ఏ విండోలో ఉన్నాడో మర్చిపోతానేమోనని కాగితం కోసం వెతికాను. తలెత్తితే గోడ మీద ఆరు గళ్ళ కాగితం.

మౌస్ వదిలేశాను. దళారులు లేరు, పాడూ లేదు. ఆరు లాగిన్లూ ఆమెవే. ఆరుగురు రైతుల్ని ఒకేసారి నడిపించడానికి, లైన్లు ఖాళీగా ఉన్నప్పుడే పొద్దున్నే ఆరు విండోలు తెరిచి పెట్టుకునేది. కాదమ్మా సిస్టమ్ అంతే అని నేనన్న పనిని ఆమె తన చేతులతో చేసి చూపించింది. జిల్లా మొత్తంలో ఎక్కువ స్లిప్పులు ఇచ్చింది గార్లదిన్నె బ్రాంచే. ఆ సంగతి సర్వర్ లెక్కల్లోనే ఉంది, నేనే చూడలేదు.

నీడలో

పదకొండు గంటలకు సర్వర్ ఆగింది. చేసేదేమీ లేక బయటికొచ్చాను. ఓబుళమ్మ స్లిప్పు మధ్యలోనే చిక్కుకుంది. ఆమె నీడలో కూర్చుని నన్ను పిలిచి పక్కన జాగా చూపించింది. కూర్చున్నాను. ఎదురుగా చెప్పుల వరుస.

"ఆ చెప్పుల మనుషులు రాకపోతే?" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"రాకపోతే యామి? చెప్పు ఉండాది గదా. ఆ మనిషి జాగా ఆ మనిషిదే."

"కౌంటరు దాకా వచ్చినా మనిషి రాకపోతే?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "కౌంటరు కాడ చెప్పుకి యామి పని నాయనా? ఆడ మనిషే ఉండల్ల. లేకుంటే చెప్పు పక్కకి పెట్టి ఎనకాలోళ్ళు పోతారు. వరసలో యంత సేపైనా ఉండచ్చు. కౌంటరు పట్టుకోని కూచుంటే ఊరంతా నిలబడిపోతాది గదా."

నేను లేచి నిలబడ్డాను.

మా ప్రోగ్రాంలో ఏముందో చెబుతాను. ఎవరైనా లాగిన్ కాగానే ఒక డేటాబేస్ కనెక్షన్ తీసి వాళ్ళ పేరు మీద అట్టిపెట్టేలా రాశాను. ప్రతిసారీ తీసుకుని మళ్ళీ తిరిగిచ్చే పని తప్పుతుంది, వేగంగా ఉంటుందని నా తెలివి. నాలుగు బ్రాంచీలతో పరీక్షించినప్పుడు నిజంగానే పరుగెత్తింది. తర్వాత ఫోన్ లైన్లు తెగిపోతున్నాయి, మాటిమాటికీ లాగిన్ కావాల్సి వస్తోంది అని బ్రాంచీలు మొత్తుకుంటే, ఒకసారి లాగిన్ అయితే రోజంతా చెల్లేలా మార్చాను. అది నా రెండో తెలివి. రెండూ కలిసి ఏమైందంటే, విండో తెరిచిన ప్రతి మనిషీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కౌంటరునే పట్టుకుని కూర్చున్నట్టే. పని ఉన్నా లేకున్నా. ముప్పై విండోలు తెరుచుకుంటే ముప్పై ఒకటోవాడు బయటే. నేను రీస్టార్ట్ చేసిన కొద్దీ ఆపరేటర్లు ముందుజాగ్రత్తగా ఇంకో విండో తెరిచేవాళ్ళు. నేను వేసిన మందే జబ్బును పెంచింది.

మధ్యాహ్నం బస్సుకు అనంతపురం వచ్చి పాత డంపులన్నీ నేల మీద పరిచాను. ఈసారి ఎదురుచూస్తున్నవాళ్ళను వదిలేసి, కనెక్షన్లు ఎవరి చేతిలో ఉన్నాయో చూశాను. ముప్పైలో నిజంగా పనిచేస్తున్నవి మూడు. మిగతా ఇరవై ఏడు ఊరికే ఉన్నాయి. ప్రోగ్రాం తెరిచాను. కనెక్షన్ తీసి అట్టిపెట్టే ఆ నాలుగు లైన్ల పైన, రాసినవారు అని నా పేరే ఉంది.

మార్చడానికి శనివారం ఒక్క పూట పట్టింది. రైతు వివరాలు సెషన్‌లో, అంటే చెప్పుల వరుసలాంటి చోట, ఎంతసేపైనా ఉండొచ్చు. కనెక్షన్ మాత్రం పని పడ్డప్పుడే తీసుకోవాలి, అవగానే ఇచ్చేయాలి. సోమవారానికి గార్లదిన్నె కౌంటరులో ఎలాగో ఒక గుమాస్తాను సర్దారు; ఆ రోజు అన్ని బ్రాంచీలూ కలిసి నూరుకు పైగా విండోలు తెరిచాయి. సర్వర్ ఆగలేదు. ఫోన్ మోగలేదు.

చౌడప్ప గారి చెనక్కాయలు

సోమవారం సాయంత్రం ఆయన నన్ను పిలిచి నా చేతిలో చెనక్కాయలు పోశాడు. ముఖం వెలిగిపోతోంది.

"చూసినావా భూషణా? ఆ గార్లదిన్నె పాపను తీసేసినాక సర్వర్ ఎట్ల పరిగెత్తాండాదో. నీ నోటు సరిగ్గా పనిచేసింది."

అది నేను ఊహించలేదు. నేను నోరు విప్పకపోతే ఆ అమ్మాయి దొంగ అనే మాట ఎప్పటికీ నిలిచిపోతుంది. పైగా దానికి రుజువు కూడా నేనే తయారుచేసి పెట్టాను. నిజం చెబుతున్నాను, ఒక నిమిషం పాటు ఊరుకుందామనే అనిపించింది. ఆయనకు జావా రాదు. ఆ లైన్లు చదవగలిగిన మనిషి జిల్లాలో నేనొక్కణ్ణే.

"సార్, తప్పు ఆమెది కాదు, నాది" అన్నాను. కూర్చోకుండానే అంతా చెప్పాను. చెప్పుల వరుసతో చెబితే ఆయనకు వెంటనే అర్థమైంది.

ఆయన చెనక్కాయల డబ్బాకు మూత పెట్టేశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "నువ్వు గమ్మునుంటే ఎవురికీ తెల్దు గదప్పా."

"ఓబుళమ్మకు తెలుసు సార్."

"ఓబుళమ్మ ఎవురు?"

"వాన పడినాక సెలవెవురు పెడతారని అడిగినామె."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. రాతపూర్వకంగా ఇమ్మన్నాడు. అక్కడే కూర్చుని రాసిచ్చాను. రెండుసార్లు చదివాడు. "ఇది నీ ఫైల్లో ఉండిపోతాది, తెలుసు గదా?" అని సంతకం పెట్టాడు. "నువ్వే పోయి పిల్చుకోని రా. నేను కాగితం పంపిస్తే ఆ పాప రాదు."

సాలు వెంట

గార్లదిన్నెకు రెండు కిలోమీటర్ల అవతల వాళ్ళ పల్లె. ఇంటికి వెళితే చేలో ఉందన్నారు; వాళ్ళది బోరు కింద చేను, వాన పదును ఆరినా తడి పెట్టి విత్తుకోవచ్చు. వాళ్ళ నాయన గొర్రు తోలుతున్నాడు, ఆమె వెనకాల నడుస్తూ విత్తనం వేస్తోంది. నన్ను చూసింది, ఆగలేదు. విత్తనం వేసేటప్పుడు మధ్యలో ఎవరూ ఆగరు. నేను ప్యాంటు పైకి మడిచి సాలు వెంట ఆమె పక్కనే నడిచాను. నడుస్తూనే చెప్పాను. ఆ గాలిలో, ఎద్దుల గంటల చప్పుడులో నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

సాలు చివరికొచ్చాక ఎద్దుల్ని తిప్పుతుంటే ఆమె చేతులు దులుపుకుని నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు మీటింగులో అడిగినా గదా సార్. కాదన్నారు. మల్లా అడుగుదామనుకున్నా. పెద్దసారు, విసుక్కుంటాడేమో అని ఊరుకున్నా."

"తప్పయింది" అన్నాను.

"నాకొక్కదానికి చెప్తే యట్లా? మీ నోటు అందరూ చదివినారు. చిలమత్తూరు ఆపరేటరు ఫోన్ చేసి అడిగింది, యంతకి అమ్ముకున్నావు పాస్‌వర్డు అని. మా నాయన పక్కనే ఉండాడు అప్పుడు."

వాళ్ళ నాయన కాడి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వైపు చూడలేదు. ఆయన చూడకపోవడమే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

"అందర్నీ పిల్చి చెప్తాను" అన్నాను.

"అట్లయితే వస్తా." మళ్ళీ గంపలో చెయ్యి పెడుతూ అంది, "ఇంగొకటి సార్. ఒకటి అచ్చవుతాంటే ఇంకోటి రాసుకునేకి పెట్టండి. ఆరు విండోలు తెరిస్తే కండ్లు తిరుగుతాండాయి."

ఆపరేటర్లందరినీ అనంతపురానికి పిలిపించారు. శిక్షణ పెట్టిన ఆ హాల్లోనే నిలబడి, నోటులోని ఆ వాక్యం చదివి, అది అబద్ధమని చెప్పాను.  రామాంజినమ్మ మూడో వరుసలో కూర్చుని ఉంది. నేను చెప్పడం అయ్యాక చిలమత్తూరు ఆపరేటరు లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. నెల తిరక్కుండా ఆరుగురు రైతుల్ని ఒకే తెర మీద నడిపే కొత్త పేజీ చేశాను. గోడ మీది కాగితాన్ని ఉన్నదున్నట్టు దించాను. బ్రాంచీల వాళ్ళంతా దాన్ని గార్లదిన్నె పేజీ అనేవాళ్ళు.

మిగిలినవి

అన్నీ సర్దుకున్నాయని అనుకోకండి. ఓబుళమ్మకు సోమవారం స్లిప్పు అందింది. అప్పటికి ఎనిమిది రోజుల గాలికి పదును ఆరిపోయింది. తర్వాతి వాన కోసం ఎంత కాచుకుందో, ఆ ఏడు ఆమె చేను ఏమైందో నేను అడగలేదు. తర్వాత రెండు మూడుసార్లు కనిపించింది కూడా. అడిగే ధైర్యం చాల్లేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ సంగతి తలచుకుంటే సిగ్గుగానే ఉంటుంది.

ఆ తర్వాత నేను ఎన్నో సర్వర్లు చూశాను. మెమరీ కారిపోయేవి, ఒకదానికొకటి తాళం వేసుకుని బిగుసుకుపోయేవి, చెత్త ఊడ్చుకోవడానికి పనంతా ఆపేసేవి. పనిముట్లు బాగా పెరిగాయి. ఇప్పుడు తెర మీద రంగురంగుల గీతలే అన్నీ చూపిస్తాయి. మంచిదే. కానీ ప్రతి ఏడూ మొదటి వానకు ముందు నేను గార్లదిన్నెకు పోయి ఆమె వెనక ఒక స్టూలు వేసుకుని ఒక పూట కూర్చునేవాణ్ణి. ఏమీ మాట్లాడకుండా చూసేవాణ్ణి. ఆమె చెయ్యి ఎక్కడ ఆగుతుందో అక్కడ నా పని ఉన్నట్టు. నా తర్వాత వచ్చిన కుర్రాళ్ళనూ అక్కడికే పంపాను. "సార్, గ్రాఫులున్నాయి కదా" అనేవాళ్ళు. పోయి కూర్చుని రమ్మనేవాణ్ణి.

ఆ మోడెం గోల, ఎర్ర దుమ్ము పట్టిన బ్రష్షు, చౌడప్ప గారి చెనక్కాయల డబ్బా, అన్నీ గుర్తొస్తుంటాయి. ఆయన ఇప్పుడు లేడు. నా ఫైల్లో ఆ ఉత్తరం ఉద్యోగం చివరిదాకా ఉంది. దిగిపోయే రోజు అడిగి దాని నకలొకటి తెచ్చుకున్నాను. బీరువాలో ఉంది.

ఈ ఏడు మొదటి వాన పడిన పొద్దున, వసారాలో కూర్చుని నీళ్ళు జారడం చూస్తున్నాను. ఫోన్ మోగింది. రామాంజినమ్మ. ఇప్పుడామె ఆ బ్రాంచికి సూపర్‌వైజరు. అలవాటు ఎక్కడికి పోతుంది, ఎత్తగానే అడిగేశాను.

"ఎంత స్లో ఉంది?"

"యామీ లేదు సార్, బాగా నడుస్తాండాది." అవతల జనం మాటలు వినిపిస్తున్నాయి, కౌంటరు తెరిచినట్టున్నారు. "ఊరికే చేసినా. మీరు బాగుండారా?"